మారియో, లుయిజీ అన్నదమ్ముల ఆటల్లో ఏది ముందు ఆడాలి?

నింటెండో వారి ‘మారియో అండ్ లుయిజీ’ వీడియో ఆటల వరుసలో 2003 నుంచి 2024 వరకు ఆరు ఆటలు వచ్చాయి. వాటిలో రెండింటిని తర్వాత కొత్త బొమ్మలతో మళ్లీ తయారుచేసి, రీమేక్‌లుగా విడుదల చేశారు కాబట్టి, కొనాలనుకునేవారి ముందు మొత్తం ఎనిమిది పేర్లు ఉంటాయి. పైకి అన్నీ ఒకే తాను ముక్కల్లాగా కనిపిస్తాయి: ఎర్ర టోపీ అన్న, ఆకుపచ్చ టోపీ తమ్ముడు, ఎవరో ఒక వింత ప్రతినాయకుడు, వంతులవారీగా సాగే పోరాటాలు, అడుగడుగునా హాస్యం. ఆ పోలికను నమ్మి చేతికందినదాన్ని కొనుక్కుని, పది గంటలు ఆడి, ఇందులో ఇంతగా పొగడడానికి ఏముందని పక్కన పడేసినవారు నాకు తెలుసు. వారిలో చాలామంది తమకు నప్పని ఆటతో మొదలుపెట్టినవారే.

ఈ ఆటల ప్రాణమంతా ఒక చిన్న నియమంలో ఉంది: పోరాటంలో ‘ఏ’ బటన్ మారియోది, ‘బీ’ బటన్ లుయిజీది. మామూలు వంతులవారీ ఆటల్లో ఎవరిని కొట్టాలో ఎంచుకుంటే చాలు, ఎంత దెబ్బ తగిలిందో అంకెలే తేలుస్తాయి. ఇక్కడ మారియో శత్రువు మీదికి దూకినప్పుడు, అతని బూటు శత్రువు నెత్తిని తాకే క్షణంలో మరోసారి ‘ఏ’ నొక్కితే అతడు పైకెగిరి రెండో దెబ్బ కూడా వేస్తాడు. కాస్త ముందుగానో ఆలస్యంగానో నొక్కితే ఒక్క దెబ్బతో సరిపెట్టుకోవాలి. శత్రువు వంతు వచ్చినప్పుడు కూడా చేతులు కట్టుకుని కూర్చునే వీలులేదు. వాడు దూసుకొస్తున్నది అన్న మీదికా, తమ్ముడి మీదికా అన్నది చివరి క్షణం వరకు తెలియనివ్వడు గాని, కొట్టే ముందు ఏదో ఒక సైగ మాత్రం చేస్తాడు: ఒక కన్ను మెరుస్తుంది, ఒక పక్కకు ఒరుగుతాడు, చేతిలోని వస్తువు రంగు మారుతుంది. ఆ సైగను పట్టుకుని సరైన బటన్‌తో దూకగలిగితే దెబ్బ తప్పడమే కాదు, చాలాసార్లు ఎదురుదెబ్బ కూడా పడుతుంది. గాలిలో వచ్చే దాడులకు సుత్తి ఉంది. బటన్ నొక్కి పట్టుకుంటే సుత్తి పైకి లేస్తుంది, వదిలితే కొడుతుంది. మరీ ముందుగా ఎత్తి ఎక్కువసేపు పట్టుకుంటే సుత్తి తల ఊడి వెనక్కి పడిపోతుంది, పాపం లుయిజీ చేతిలో కర్ర మాత్రం మిగులుతుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు ఆ తల ఊడిపడిన దృశ్యం చూసి నవ్వుతూనే ఓడిపోయాను.

కాబట్టి ఈ ఆటలను నేను ఒకే కొలబద్దతో కొలుస్తాను. ప్రతి కొత్త ఆటా ఆ రెండు బటన్లకు ఏదో ఒకటి చేర్చుతూ వచ్చింది. ఆ చేర్పు వాటికి బలమైందా, బరువైందా అని చూడాలి. కథ ఎంత పెద్దది, బొమ్మలు ఎంత నునుపు అన్నవి ఆ తర్వాతి మాటలు.

పోలికలోకి వెళ్లే ముందు ఒక అపోహను తొలగించాలి. పెట్టె మీద ఇద్దరు అన్నదమ్ముల బొమ్మ చూసి, ఇంట్లో ఇద్దరు పిల్లలు చెరొక కంట్రోలర్ పట్టుకుని కలిసి ఆడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. ఈ వరుసలో ఏ ఆట కథనూ ఇద్దరు కలిసి ఆడడానికి ఏర్పాటు లేదు. ఇద్దరినీ ఒక్కరే నడపాలి, అసలు తమాషా అంతా అందులోనే ఉంది. ఒకే కంట్రోలర్ మీద ఒకరు ‘ఏ’ బటన్, మరొకరు ‘బీ’ బటన్ పంచుకుని ఆడడం సాధ్యమే. నేనూ మా తమ్ముడూ కొన్నాళ్లు అలా ఆడాం. శత్రువు చేతిలో తిన్న దెబ్బల కంటే, ఎవరి వల్ల ఓడామన్న దానిపై పడిన తగాదాలే ఎక్కువ.

మొదటిది ‘సూపర్‌స్టార్ సాగా’. జపాన్‌కు చెందిన ఆల్ఫాడ్రీమ్ సంస్థ దీన్ని తయారుచేయగా, 2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతి యంత్రం కోసం నింటెండో విడుదల చేసింది. కాక్లెటా అనే మంత్రగత్తె యువరాణి పీచ్ గొంతును దొంగిలించి, దాని స్థానంలో పేలే మాటలు పెట్టిపోతుంది; యువరాణి నోరు తెరిచిందంటే ఎదుటివారి మీద బాంబులు కురుస్తాయి. ఎప్పుడూ ఆమెను ఎత్తుకుపోయే బౌజర్‌కు ఇది పెద్ద చిక్కు, ఎందుకంటే ఈ స్థితిలో ఎత్తుకుపోతే అతని కోటే కూలిపోతుంది. అందుకని అతడే మారియోతో చేతులు కలిపి గొంతు కోసం బీన్‌బీన్ రాజ్యానికి బయలుదేరతాడు. వీడ్కోలు చెప్పడానికి నిలబడి చేయి ఊపుతున్న లుయిజీని ఓడలోంచి వచ్చిన యంత్రపు చేయి పట్టుకుని లోపలికి లాగేస్తుంది. ఈ తమ్ముడు సాహసానికి ఎలా బయలుదేరాడో చూపించే ఆ ఒక్క దృశ్యంలోనే ఆట స్వభావమంతా ఉంది. దారి పొడవునా జనం మారియోను గుర్తుపడతారు, లుయిజీ పేరు మాత్రం మరిచిపోతారు. ఆ హాస్యం ఆట మొత్తం సాగినా విసుగు పుట్టదు.

రెండు బటన్ల సూత్రం ఎక్కువ శుద్ధంగా ఉన్నది ఈ ఆటలోనే. అన్న చేతికి నిప్పు, తమ్ముడి చేతికి మెరుపు దక్కుతాయి. లుయిజీ సుత్తితో కొడితే మారియో పొట్టివాడై చిన్న కన్నాల్లోంచి దూరిపోతాడు, మారియో కొడితే లుయిజీ నేలలోకి దిగిపోయి కంచెల కిందుగా నడుస్తాడు. పోరాటంలో నేర్చుకున్న జోడీ లయనే దారి వెతుక్కోవడంలోనూ వాడించడం ఈ ఆట గొప్పతనం. ఆట సుమారు 20 గంటల్లో పూర్తవుతుంది, ఒక్క గంట కూడా సాగదీసినట్టు ఉండదు. సంగీతం యోకో షిమోమురాది. బీన్‌బీన్ రాజ్యంలో తిరిగేటప్పుడు వినిపించే బాణీ ఆట ఆపిన తర్వాత కూడా చెవుల్లో మెదులుతుంది.

రెండు స్క్రీన్ల చేతి యంత్రమైన త్రీడీఎస్ కోసం 2017లో వచ్చిన దీని రీమేక్‌లో బొమ్మలు నునుపుదేలాయి, కింది స్క్రీన్ మీద మ్యాప్ వచ్చింది, ‘ఎక్స్’ నొక్కితే ఇద్దరూ ఒకేసారి దూకుతారు. మూలంలో దారిలో నడిచేటప్పుడు ‘ఏ’ బటన్ ముందున్నవాడిది, ‘బీ’ వెనకున్నవాడిది; వరుస మార్చినప్పుడల్లా వేళ్లు తడబడతాయి. రీమేక్ ఆ తడబాటును తీసేసింది. బౌజర్ సైనికుల మీద ‘మినియన్ క్వెస్ట్’ అనే అదనపు ఆట కూడా చేర్చారు. అందులో మన సైన్యం దాదాపు తనంతట తానే పోరాడుతుంది, మనం చూస్తూ ఉంటాం. రెండు బటన్ల కోసం వచ్చినవారు దాన్ని వదిలేసినా పోగొట్టుకునేది లేదు. నా మొగ్గు మూలం వైపే. చిన్న స్క్రీన్ కోసం గీసిన ఆ పాత బొమ్మల్లో ముఖకవళికల అతిశయం ఎక్కువ, శత్రువుల సైగలూ అందుకే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అయినా దారి తప్పితే చిరాకు పడేవారికి రీమేకే మేలు.

రెండోదైన ‘పార్ట్‌నర్స్ ఇన్ టైమ్’ 2005లో త్రీడీఎస్‌కు ముందటి రెండు స్క్రీన్ల యంత్రమైన నింటెండో డీఎస్ మీద వచ్చింది. కాలయంత్రంలో గతానికి వెళ్లిన అన్నదమ్ములకు పసివాళ్లుగా ఉన్న తామే ఎదురవుతారు. నలుగురూ కలిసి ష్రూబ్‌లనే గ్రహాంతరవాసులను ఎదుర్కొంటారు. బటన్లు రెండు కాస్తా నాలుగయ్యాయి: పెద్దవాళ్లకు ‘ఏ’, ‘బీ’, పసివాళ్లకు ‘ఎక్స్’, ‘వై’. వినడానికి బాగున్నా, పోరాటంలో పసివాళ్లు ఎక్కువ భాగం పెద్దవాళ్ల వీపు మీదే ఉంటారు. జంట దాడులకు పాయింట్లకు బదులు వస్తువులు ఖర్చవుతాయి కాబట్టి, ఉన్నవి అయిపోతాయన్న పిసినారితనంతో చాలామంది వాటిని దాచుకుని మామూలు దెబ్బలతోనే నెట్టుకొస్తారు, పోరాటాలు పొడవవుతాయి. నాకు ఇది మోస్తరు ఆట. ‘సూపర్‌స్టార్ సాగా’, ఇప్పుడు చెప్పబోయే ‘బౌజర్స్ ఇన్‌సైడ్ స్టోరీ’ నచ్చినవారు దీన్ని మూడోదిగా ఆడవచ్చు.

‘బౌజర్స్ ఇన్‌సైడ్ స్టోరీ’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 2009లో డీఎస్ మీద వచ్చిన ఈ ఆటను వరుసలో శిఖరమని చాలామంది అంటారు, నేనూ వారితో ఏకీభవిస్తాను. మొదటి ఆటలో కాక్లెటా వెనక తోకలా తిరిగిన ఫాఫుల్ ఇందులో అసలు ప్రతినాయకుడు. అతడు ఇచ్చిన పుట్టగొడుగు తిన్న బౌజర్ ఎదురుగా ఉన్నవన్నీ పీల్చేస్తాడు, అన్నదమ్ములు కూడా అతని కడుపులో పడతారు. అక్కడి నుంచి పై స్క్రీన్‌లో బౌజర్ బయటి లోకంలో తిరుగుతుంటే, కింది స్క్రీన్‌లో మారియో, లుయిజీ అతని ఒంట్లో తిరుగుతారు. తాను ఎవరి వల్ల గట్టెక్కుతున్నాడో బౌజర్‌కు తెలియదు. లోపల ఉన్నవారు ఏ కండరాన్ని కదిలిస్తే అతని చేయికి బలం వస్తుందో మనకు తెలుసు. అతడు నీళ్లు తాగితే లోపల మడుగులు నిండుతాయి, శత్రువులను పీలిస్తే వారు కడుపులో అన్నదమ్ముల మీద పడతారు, ఒకే పోరాటం రెండు స్క్రీన్ల మీద నడుస్తుంది.

నా కొలబద్ద ప్రకారం ఇక్కడి చేర్పు పూర్తిగా బలమే. అన్నదమ్ములు ‘ఏ’, ‘బీ’ దగ్గరే ఉన్నారు. బౌజర్‌కు ‘ఎక్స్’, ‘వై’ ఇచ్చారు, ఒకదాంతో పిడికిలి, మరొకదాంతో నిప్పు. అతని దెబ్బ బరువుగా, నెమ్మదిగా ఉంటుంది, అన్నదమ్ములది చురుకుగా ఉంటుంది. అటునుంచి ఇటు మారినప్పుడల్లా చేతికి కొత్త లయ అలవాటు చేసుకోవాలి. కొన్నిచోట్ల బౌజర్ కొండంత అయినప్పుడు డీఎస్‌ను పుస్తకంలా నిలువుగా పట్టుకుని, స్టైలస్‌తో గుద్దుతూ, నిప్పు కక్కడానికి మైక్‌లోకి నిజంగానే ఊదాలి. నలుగురి మధ్య కూర్చుని ఆడేవారు ఇది ముందే తెలుసుకోవడం మంచిది. దీనికి కూడా 2018 చివర జపాన్‌లో, 2019 జనవరిలో మిగతా చోట్ల త్రీడీఎస్ రీమేక్ వచ్చింది. బౌజర్ కొడుకు మీద అదనపు కథ చేర్చారు. అదే ఆల్ఫాడ్రీమ్ చివరి ఆట. 2019 అక్టోబరులో ఆ సంస్థ దివాలా తీసింది.

2013 నాటి త్రీడీఎస్ ఆట ‘డ్రీమ్ టీమ్’లో లుయిజీ నిద్రపోతే మారియో అతని కలలోకి వెళ్తాడు. ఊహ చక్కనిది. నిద్రపోతున్న లుయిజీ ముఖం కింది స్క్రీన్ మీద ఉంటుంది. మీసం పట్టి లాగితేనో, ముక్కు గిలిగింతలు పెట్టి తుమ్మిస్తేనో కల లోకం మారిపోతుంది. కాని కలలో జరిగే పోరాటాల్లో లుయిజీ అన్నలో కలిసిపోతాడు కాబట్టి, మన చేతిలో ‘ఏ’ ఒక్కటే మిగులుతుంది. వందల లుయిజీలు బంతిలా పోగై శత్రువు మీద పడడం చూడముచ్చటగా ఉన్నా, సగం ఆటలో రెండో వేలికి పని తగ్గింది. పైగా చెప్పిందే మళ్లీ చెప్పే పాఠాలు, సుమారు 40 గంటల నిడివి. ఓపిక ఉన్నవారికి, రోజుకు అరగంట చొప్పున నెలల తరబడి ఆడేవారికి ఇది బాగానే నప్పుతుంది. వరుస మీద అభిప్రాయం ఏర్పరచుకోవడానికి మాత్రం ఇది తగదు.

‘పేపర్ జామ్’ గురించి క్లుప్తంగా చెబితే చాలు. 2015 చివర జపాన్‌లో మొదట వచ్చిన ఈ ఆటలో కాగితపు మారియో మూడోవాడిగా చేరి ‘వై’ బటన్ తీసుకున్నాడు. ముగ్గురి పోరాటాలు నిజంగా బాగున్నాయి, వేళ్లకు మంచి పని. కథ మాత్రం చప్పగా ఉంది. కొత్త రాజ్యం, కొత్త వింత మనుషులు లేరు; తప్పిపోయిన కాగితపు టోడ్‌లను, అంటే పుట్టగొడుగు తలల బుల్లి మనుషులను, వెతికి పట్టుకునే పనులు పదే పదే వస్తాయి. పోరాటం కోసమే ఆడేవారికి తప్ప మిగిలినవారికి ఇది చివరి ఎంపిక.

తొమ్మిదేళ్ల విరామం తర్వాత 2024 నవంబరు 7న నింటెండో వారి స్విచ్ యంత్రం మీద ‘బ్రదర్‌షిప్’ వచ్చింది. ఈసారి తయారీ అక్వైర్ సంస్థది. కాంకార్డియా అనే లోకం ముక్కలై దీవులుగా సముద్రంలో తేలుతూ ఉంటుంది. ఓడ ఆకారంలో ఉన్న దీవి మీద ప్రవాహాల వెంట ప్రయాణిస్తూ, ఫిరంగిలో కూర్చుని ఒక్కొక్క దీవి మీదికి ఎగిరిపడి, వాటిని మళ్లీ కలపడం అన్నదమ్ముల పని. బొమ్మలు కదిలే కార్టూన్‌లా ఉన్నాయి. లుయిజీ దూకి తడబడడం, భయపడి వణకడం ఇంతకుముందు ఏ ఆటలోనూ ఇంత అందంగా లేదు.

పోరాటంలో ‘ఏ’, ‘బీ’ సూత్రం చెక్కుచెదరలేదు. జంట దాడులు పొడవుగా, నాట్యంలా సాగుతాయి. కొన్ని గంటల తర్వాత చేతికొచ్చే ‘బాటిల్ ప్లగ్’లు తగిలించుకుంటే దాడుల తీరు మారుతుంది, వాడేకొద్దీ వాటి శక్తి తగ్గి, పక్కన పెడితే మళ్లీ నిండుతుంది కాబట్టి ఎప్పటికప్పుడు కూర్పు మార్చుకోక తప్పదు. వరుసలో అంకెల ఆలోచనకు ఎక్కువ చోటు ఇచ్చిన ఆట ఇదే. నడిచేటప్పుడు మాత్రం తమ్ముడు చాలావరకు తనంతట తానే వెనకాల వచ్చేస్తాడు, దూకవలసిన చోట తానే దూకుతాడు. కొత్తవారికి అది సుఖం. మొదటి ఆటలో వరుస మార్చుకుంటూ తంటాలు పడినవారికి అక్కడ ఏదో వెలితి ఉంటుంది, నాకూ అనిపించింది. మొదటి కొన్ని గంటలు నెమ్మదిగా నడుస్తాయి, ఒకే దీవికి మళ్లీ మళ్లీ వెళ్లవలసి వస్తుంది, కొన్ని దృశ్యాల్లో స్విచ్ మీద కదలిక కుంటుపడుతుంది. నిడివి సుమారు 35 గంటలు.

ఇక యంత్రం సంగతి, ఎందుకంటే నచ్చినదానికంటే దొరికినదే చాలాసార్లు నిర్ణయిస్తుంది. స్విచ్ మాత్రమే ఉన్నవారికి రెండే దారులు: ‘బ్రదర్‌షిప్’, లేదా నింటెండో ఆన్‌లైన్ సభ్యత్వంలో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ తీసుకుంటే 2023 ఫిబ్రవరి నుంచి అందులో ఉన్న మూల ‘సూపర్‌స్టార్ సాగా’. మిగతా వాటికి పాత యంత్రం వెతకాలి. త్రీడీఎస్ ఆన్‌లైన్ దుకాణం 2023 మార్చి 27న మూతపడింది కాబట్టి ఆ యంత్రపు ఆటలన్నీ ఇప్పుడు కార్ట్రిడ్జ్‌గా, ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతాయి. త్రీడీఎస్‌కు ప్రాంతాల తాళం ఉంది. ఒక ప్రాంతపు కార్ట్రిడ్జ్ మరో ప్రాంతపు యంత్రంలో ఆడదు, కొనే ముందు రెండూ ఒకే ప్రాంతానివని సరిచూసుకోవాలి. పాత డీఎస్ కార్ట్రిడ్జ్‌లకు ఆ బెడద లేదు, అవి త్రీడీఎస్‌లోనూ ఆడతాయి. అందుకే ‘బౌజర్స్ ఇన్‌సైడ్ స్టోరీ’ కావాలనుకునేవారు రీమేక్ కోసం పట్టుపట్టకుండా, 2009 నాటి కార్ట్రిడ్జ్ దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

పిల్లల కోసం ఎంచుకునేవారు ఒక విషయం గమనించాలి. హాస్యంలో సగం సంభాషణల్లోనే ఉంది, ఫాఫుల్ మాటల్లోని తమాషా అంతా అతని వంకర వ్యాకరణమే. ఇంగ్లిష్ చకచకా చదవలేని పిల్లలకు అది అందదు. అన్నదమ్ములిద్దరూ మాత్రం అర్థంలేని ఇటాలియన్ యాసలో గొణుగుతూ సైగలతోనే కథ చెబుతారు. అందువల్ల చదవడం తక్కువగా వచ్చిన పిల్లలకు, ముఖకవళికలు పెద్దగా కనిపించే ‘బ్రదర్‌షిప్’ మిగతావాటికంటే నయం.

ఒక్క ఆటే ఆడతాను, ఉత్తమమైనదే కావాలి అనేవారికి ‘బౌజర్స్ ఇన్‌సైడ్ స్టోరీ’. రెండు ఆడే ఓపిక ఉంటే దాని ముందు ‘సూపర్‌స్టార్ సాగా’ ఆడాలి, ఎందుకంటే తోకలా తిరిగిన ఫాఫుల్ దొర అవడంలోని తమాషా ఆ వరుసలోనే తెలుస్తుంది. పాత బొమ్మలంటే ఇష్టం లేక, సభ్యత్వం తీసుకునే ఉద్దేశం కూడా లేనివారు నేరుగా ‘బ్రదర్‌షిప్’ మొదలుపెట్టవచ్చు. దాని కథకు పాత కథలతో పనిలేదు.

స్విచ్‌లో పాత ఆటను ఎంచుకున్నవారికి ఇంకొక్క మాట. అందులో ఆటను కొన్ని క్షణాలు వెనక్కి తిప్పే సౌకర్యం ఉంది. మొదటి పది గంటలు దాని జోలికి వెళ్లకండి, ఎందుకంటే శత్రువు సైగను కన్ను పట్టుకోవడం దెబ్బలు తింటేనే వస్తుంది. చివరి పోరాటం మాత్రం అన్నదమ్ములిద్దరికీ చెరొక్క ప్రాణాంకం మిగిలి ఉండగా మొదలవుతుంది, తొలి దాడిలో ఒక్క దూకు తప్పినా పని అయిపోతుంది. అక్కడ మొహమాటపడకుండా వాడుకోండి.